నీ పనికి మేం అడ్డమా?

"ఇవాళ కుదరదు వదినా. సోమవారం ప్యాలెస్‌కి సెలవు. నాకు మాత్రం చచ్చేంత పని" అంది కోడలు, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ.

"సెలవైతే మరీ మంచిది. జనం ఉండరు, టికెట్టూ ఉండదు" అంది ఆడపడుచు.

మూడు రోజులుగా ఆడపడుచు, ఆవిడ భర్త, అత్తగారు కలిసి ఆ సముద్రతీరపు ఊళ్ళో పెద్ద భవనం అన్నదాన్ని వదలకుండా చూస్తున్నారు. చూడటమంటే వంకలు పెట్టడం. గోపురాల హోటల్‌కి కిటికీలు ఎక్కువట. పాలరాతి నాటకశాలలో కుర్చీలు ఇరుకట. రాజవంశం వాళ్ళ స్నానాల భవనం చూసి అత్తగారు, "ఇంతా కట్టింది నీళ్ళు పోసుకోడానికేనా" అని జాలిపడింది.

ఇక మిగిలింది ఒడ్డునే ఉన్న రాజుగారి వేసవి ప్యాలెస్. కోడలి ఉద్యోగం అందులోనే. మరదలిది ప్యాలెస్‌లో ఉద్యోగమని ఆడపడుచు ఊరందరికీ చెప్పుకుంది. ఏం ఉద్యోగమో, లోపల ఏముందో అడిగినవాళ్ళకి మాత్రం మాట మార్చేది. అందుకే ఇవాళ చూడకుండా కదిలేలా లేదు.

"నాలుగింటికల్లా పని అవ్వకపోతే మేనేజర్ వదలడు వదినా. ఐదింటికి స్కూల్లో పాప నాటకం. పోయినేడాది ఇలాగే పనిలో ఇరుక్కుపోయాను. అది స్టేజీ మీద నుంచి నాకోసం వెతుక్కుని, మాటలు మర్చిపోయి ఏడ్చేసింది" అంది కోడలు. చెబుతుంటే ఆమెకే ఏడుపొచ్చింది.

"వెళ్దువు గాని. మా దారిన మేం చూసుకుంటాం. నీ పనికి మేం అడ్డమా?"

కోడలు ఆడపడుచు వైపు చూసింది. ఆవిడ భర్త వైపు ఇంకాస్త ఎక్కువసేపు చూసింది. ఆయన బీరువాలా నిండైన మనిషి.

"సరే రండి. మేనేజర్ గారిని అడుగుతాను" అంది.

ఇంటివాళ్ళేగా అని మేనేజర్ ఒప్పుకున్నాడు.

ప్యాలెస్ గుమ్మంలో కోడలు వాళ్ళ ముందు మూడు జతల ఉన్ని చెప్పులు పెట్టింది. ఒక్కోటీ పడవంత ఉంది.

"లోపలంతా పాతకాలం చెక్క నేల అత్తయ్యా. మీ చెప్పుల మీదే ఇవి తొడుక్కోండి. అడుగు ఎత్తకూడదు, జారుస్తూ నడవాలి. ముఖ్యంగా అన్నయ్యగారు."

అన్నయ్యగారు బుద్ధిగా జారుస్తూ బయల్దేరాడు.

మొదటి హాల్లోనే ఆడపడుచుకి వంక దొరికింది. "నేలేమిటి ఇంత మసగ్గా ఉంది? అద్దంలా ఉంటుందన్నారే?"

"సముద్రపు గాలి వదినా" అంది కోడలు.

పని తొందరలో ఉన్న మనిషి ఏం చేస్తుంది? నాలుగు గదులు గబగబా చూపించి పంపించేస్తుంది. ఈవిడ అలా కాదు. ఒక్క బొమ్మనీ వదల్లేదు. గోడ వారగా వెళ్ళి చూడమంది. ఆ మూల కిటికీలోంచి రాణిగారు సముద్రం చూసేదట, అక్కడికి పంపింది. ఈ మూల కిటికీలోంచీ చూసేదట, ఇక్కడికీ రప్పించింది. రాణిగారికి ఒక్కచోట నిలకడ లేనట్టుంది.

గడియారం పన్నెండు కొట్టింది. పాపం, కోడలు తన పనిలో ఇంకా వేలైనా పెట్టలేదు.

"అమ్మాయ్, మాతో తిరుగుతూ కూర్చున్నావు. నీ పని?" అంది అత్తగారు. ఆవిడకి మనవరాలి నాటకం గుర్తొచ్చింది.

"అవుతుంది లెండి అత్తయ్యా."

అన్నిటికన్నా పెద్దది నాట్యం హాలు. "రాజుగారూ రాణిగారూ ఇక్కడే నాట్యం చేసేవారట. మీరిద్దరూ ఓసారి తిరగండి వదినా, మళ్ళీ ఎప్పుడొస్తారో" అంది కోడలు.

ఆడపడుచు సిగ్గుపడింది. పెళ్ళయ్యాక ఆవిడ సిగ్గుపడటం భర్త చూడటం అదే మొదలు. ఆ ముచ్చట పోగొట్టుకోవడం ఇష్టంలేక వెంటనే చెయ్యందించాడు.

"మధ్యలోనే కాదు, ఆ చివరిదాకా వెళ్ళండి. అన్నయ్యా, మడమలు నొక్కిపెట్టి తిరగండి, లేకపోతే జారతారు."

ఇద్దరూ హాలంతా తిరిగారు. అత్తగారు ఊరుకుంటుందా? మోకాళ్ళ నొప్పులు మర్చిపోయి, చేతులు వెనక్కి కట్టుకుని, ఆ గోడ నుంచి ఈ గోడకి చిన్నపిల్లలా జారుతూ పోయింది. నవ్వుతూనే ఉంది. కోడలికి ఆవిడని చూస్తే నిజంగానే ముద్దొచ్చింది.

మూడు దాటాక ముగ్గురూ గుమ్మం మెట్ల మీద చతికిలపడ్డారు.

"కాళ్ళు పీకేస్తున్నాయి గానీ, ఈ ఊళ్ళో ఇదొక్కటే భవనం. పొద్దున ఏదో అన్నాను గానీ, నేల కూడా ఇప్పుడెంత మెరుస్తోందో చూడు" అంది ఆడపడుచు.

"మధ్యాహ్నపు ఎండ వదినా."

"ఊరికే కంగారుపడ్డావు మరదలా. నీ పనికి మేం అడ్డమొచ్చామా?"

"లేదు వదినా" అంది కోడలు మనస్ఫూర్తిగా. "వచ్చే సోమవారం దాకా ఉండకూడదూ?"

ఆ ఆదరానికి ఆడపడుచు కరిగిపోయింది. ముందు వరసలో మరదలికి కుర్చీ పట్టి ఉంచుతానని చెప్పి, అందర్నీ తీసుకుని స్కూలుకి బయల్దేరింది.

నాలుగింటికి మేనేజర్ వచ్చాడు. హాలు ఈ చివర నుంచి ఆ చివరకి చూశాడు. వంగి, నేలలో చూసుకుని తన మీసం సరిచేసుకున్నాడు.

"మిగతా ఇద్దరు పనివాళ్ళూ ఎగ్గొట్టినా, నిన్న రాత్రి నేలకి పూసిన మైనమంతా నువ్వొక్కదానివే రుద్ది మెరిపించేశావు, ఇంకేం పని మిగిలింది, పాప నాటకానికి వెళ్ళమ్మా" అన్నాడు.