వడగట్టిన నీళ్లు

"నిజం చెప్పు కాశిం, రోజూ నువ్వు పై బావికి తోలుతున్నవి మన నీళ్లేనా?"

ఇంజనీరు సుస్మిత పై బావి నుంచి తెప్పించిన నీళ్ల సీసా ఎత్తి చూపించేసరికి ట్యాంకరు డ్రైవరు కాశిం ఒక అడుగు వెనక్కి వేశాడు. దొరికిపోయాననుకున్నాడు.

చల్లపల్లి దగ్గర గ్యాసు బావి అది. భూమి లోపలి రాతిని చీల్చడానికి నీళ్లు జోరుగా కొడతారు. తిరిగి పైకొచ్చిన ఉప్పునీళ్లని మిషన్లో వడగట్టి, మళ్లీ వాడుకోవడానికి ఎగువనున్న ఇంకో బావికి పంపుతారు. తోలే పని కాశింది. ఆ గతుకుల రోడ్డు మీద నిండు ట్యాంకరు ఎవడు లాగుతాడు? దారిలో మురుగుకాలవలోకి వదిలేసి, పై బావి పక్కనున్న పెద్దకాలవలో నింపుకుని అప్పజెప్పేవాడు మహానుభావుడు.

"మన నీళ్లేనండి," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"అక్కడ టెస్టు చేస్తే ఒక్క లోడులోనూ ఉప్పు లేదు! మన మిషన్ ఇంత బాగా పనిచేస్తుందనుకోలేదు. అంతా నీ చలవే. కూర్చో, టీ తాగు."

ఆమె సంతోషం చూస్తూ కాశిం టీ గ్లాసు అందుకున్నాడు. చెంప మీద కొట్టినా ఇంత సిగ్గుగా ఉండేది కాదు. చెప్పేద్దామనిపించింది. చెబితే ఉద్యోగం ఊడుతుంది. భార్య నజీరా ముచ్చటపడి కౌలుకి తీసుకున్న ఎకరం ఏమైపోతుంది? నోరు కుట్టేసుకున్నాడు.

"అన్నట్టు," అంది సుస్మిత, "కాలవ నీళ్లు కిందిదాకా రాక నారుమళ్లు ఎండిపోతున్నాయని శివారు రైతులు గేటు దగ్గర ఒకటే గోల కదా! ఉప్పు లేదని తేలింది కాబట్టి, పొద్దున్నే వడగట్టిన నీళ్లు ట్యాంకర్లతో పంపించేశా."

కాశిం గ్లాసు పక్కన పెట్టేసి లేచి నిలబడ్డాడు.

"ఆపించండి మేడం! నేను తోలినవి కాలవ నీళ్లు. మిషన్లోంచి వచ్చేవి ఇప్పటికీ నోట్లో పెట్టుకోలేని ఉప్పు. నారు మాడిపోతుందండీ! తప్పంతా నాదే!"

సుస్మిత ముఖం పాలిపోయింది. ట్యాంకర్లు ఆపించడానికి సెల్ అందుకుంది. కాశిం తలెత్తలేకపోయాడు. ఇక ఈ ఊళ్లో ఎవరి ముఖం చూడగలడు?

అంతలో గుమ్మంలో అలికిడయింది. మోకాళ్లదాకా బురదతో నజీరా, ముఖం వెలిగిపోతూ చేతులు జోడించింది.

"మీ మేలు మరిచిపోలేనండీ మేడం గారూ! కాశిం భార్యనని చెప్పగానే మొదటి ట్యాంకరు మా మడికే పెట్టారు!"