ఇరవై మూడో పేరు

గేటు తీసినామె చేతులకి పిండి అంటుకుని ఉంది.

"మేట్రన్ ఉన్నారా?" అడిగాడు సిల్వనస్.

"మిస్ మందులు తేవడానికి పట్నం వెళ్ళారు. లోపలికి రా బాబూ, రొట్టెలు వేడిగా ఉన్నాయి."

సిల్వనస్‌కి అదే కావాలి. చెప్పకుండా వస్తేనే నిజం తెలుస్తుంది.

కొండమీది ఆ హోమ్‌లో ఉండేది బుద్ధి ఎదగని పెద్దవాళ్ళు. మనిషికింత అని సర్కారు సాయం చేస్తుంది. కొన్నిచోట్ల దొంగపేర్లు చేర్చారన్న అనుమానంతో, తనిఖీకి సిల్వనస్‌ని రాజధాని కాస్ట్రీస్ నుంచి పంపారు.

జేబులో ఇరవైమూడు పేర్ల జాబితా ఉంది. పైకి తీస్తే జాగ్రత్తపడతారని తియ్యలేదు.

"టాంటీన్, నా జోడు!"

"టాంటీన్, కోకో కాలుతోంది!"

గేటు తీసినామె అక్కడ అందరికీ టాంటీన్, అంటే పిన్ని. ఒకడికి జోడు తొడిగింది. ఒకామెకి కోకో టీ ఊది చల్లార్చింది.

అర్బన్ అనే ఆజానుబాహుడు గోడకేసి తల బాదుకుంటున్నాడు. టాంటీన్ వెళ్ళి అతని నుదుటికీ గోడకీ మధ్య తన అరచెయ్యి పెట్టింది. కాసేపటికి అతనే ఆగాడు.

"నొప్పి పుట్టదూ?"

"పుడుతుంది. వాడికి పుట్టకూడదుగా."

"నువ్వు ఇక్కడ ఎవరెవర్ని చూసుకుంటావు?"

ఆమె ఒక్కొక్కరి తలా నిమిరి పేరు చెప్పింది. సిల్వనస్ లెక్కపెట్టాడు. ఇరవై రెండు.

"ఇంకెవరూ లేరా?"

"లేరు."

"మరి ఆ చివరి మంచం?"

"నాది."

పనిమనిషి మంచం కూడా సర్కారు ఖాతాలోనే అన్నమాట, అనుకున్నాడు సిల్వనస్.

'ఉన్నది ఇరవై రెండు మందే. యుఫీమియా అన్నది దొంగపేరు' అని నివేదిక రాశాడు.

సాయం ఆగిపోయింది. మేట్రన్ దగ్గర్నుంచి మూడు ఉత్తరాలొచ్చాయి. దొరికిపోయినవాళ్ళు ఏం రాస్తారో అతనికి తెలుసు. ఒక్కటీ విప్పలేదు.

నాలుగో నెలలో హోమ్ మూతపడింది. మనుషుల్ని తలో చోటికీ పంపేశారు.

తాళంచెవులు అప్పగించడానికి మేట్రన్ జోసెట్ ఆఫీసుకొచ్చింది. సిల్వనస్ ఆమెని కూర్చోమనలేదు.

"మీ సంగతి ఎలా ఉన్నా, మీ టాంటీన్‌కి నేనో ఉద్యోగం చూశాను. ముసలివాళ్ళ హోమ్‌లో. అంత ఓపికున్న మనిషి వాళ్ళకెక్కడ దొరుకుతుంది? చిరునామా చెప్పండి."

జోసెట్ తాళాలు పట్టుకునే ఉండిపోయింది.

"ఉద్యోగమా? టాంటీన్‌కా?"

"ఏం, ఈపాటికే ఎక్కడైనా చేరిందా?"

"మీవాళ్ళే చేర్చారు. పెద్దాసుపత్రి మానసిక వార్డులో. అక్కడ ఆమెని ఎవరికీ అన్నం తినిపించనివ్వరట. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటోంది. తనూ తినడం మానేసింది."

సిల్వనస్ లేచి నిలబడ్డాడు.

"వార్డులోనా? పనిచేసే మనిషిని వార్డులో పెట్టడమేంటి?"

"నా ఉత్తరాలు మీరు చదవనేలేదా సార్?"

అతను సొరుగు లాగి, విప్పని మూడు ఉత్తరాలూ బయటికి తీశాడు.

జోసెట్ తాళాలు బల్లమీద పెట్టి మెల్లగా చెప్పింది: "ఆమె మా పనిమనిషి కాదు సార్, ఏడేళ్ళ వయసులో, దీనికి బుద్ధి రాలేదమ్మా అని తల్లి మాకు వదిలేసిన యుఫీమియా, మీరు దొంగపేరని కొట్టేసింది ఆ పిల్ల పేరే."