సముద్రం రంగు పాలు

ఆమెకున్న భయమల్లా ఒక్కటే: కూతురు తాగడం మానేస్తుందేమోనని.

జ్వరమైతే తగ్గింది గానీ, బుడ్డిదానికి నోరు కట్టేసినట్టయింది. ముద్ద ముట్టదు. నీళ్ళిస్తే పెదవులు బిగిస్తుంది.

"పాలో, పండ్ల రసమో, ఏదో ఒకటి లోపలికి వెళ్ళాలమ్మా. లేదంటే మళ్ళీ సెలైనే," అన్నాడు డాక్టరు.

సెలైన్ మాట వినగానే ఆమె పిల్ల చేతిని తన గుప్పిట్లో దాచుకుంది. కిందటిసారి ఆ చిట్టి చేతికి నరం దొరక్క పొడిచిన పోట్లు ఇంకా కళ్ళముందే ఉన్నాయి.

అందుకే ఇంట్లోనే సినిమా హాలు తెరిచింది.

సాయంత్రం కాగానే కర్టెన్లు మూస్తుంది. గోడ పక్క మంచం మీద పిల్లను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, టీవీలో బొమ్మల సినిమా పెడుతుంది. రోజుకో సినిమా, సినిమాకో రంగు మిల్క్‌షేక్. అడవి సినిమాకు ఆకుపచ్చ, రాకుమారి సినిమాకు గులాబీ. గ్లాసు అంచున చక్కెర పూసలు, పైన ఐస్‌క్రీము గడ్డ.

గ్లాసు పిల్ల చేతికిచ్చి, మిక్సీ జారు కడిగి వచ్చేసరికి అది ఖాళీ!

"రంగు చూసి తాగేస్తోందండీ," అంది భర్తతో, పొంగిపోతూ.

"అసాధ్యురాలివే నువ్వు," అన్నాడతను, డ్యూటీకి బయలుదేరుతూ.

ఒక్కటే చికాకు. మిక్సీ ఆగిన కాసేపటికి పక్క వాటాలోంచి గోడ మీద చప్పుడు.

టక్.

కాసేపాగి మళ్ళీ, టక్.

ఆ వాటాలో ఈమధ్యే ఒక పెద్దాయన దిగాడు. ఒంటరివాడు. ఎదురుపడితే నవ్వుతాడు తప్ప మాట కలపడు.

'మిక్సీ మోతకి మహానుభావుడికి ఒళ్ళు మండుతున్నట్టుంది,' అని పళ్ళు నూరుకునేది.

నిన్న ఆ టక్ టక్‌లు మరీ ఎక్కువయ్యాయి. చేతిలో జారుతోనే వెళ్ళి ఆయన తలుపు బాదింది. పలుకూ లేదు, ఉలుకూ లేదు. తోస్తే తెరుచుకుంది.

పెద్దాయన అటు తిరిగి మంచం మీద కూర్చున్నాడు. చెయ్యి గోడ మీదే ఉంది.

ఆమె ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"తలుపు బద్దలయ్యేలా కొడుతుంటే వినపడట్లేదా? అవతల పసిపిల్లకి ఒంట్లో బాగాలేదు. ఆ కాస్త మోత ఓర్చుకోలేరా? ఆ గోడ మీద ఇంకోసారి చెయ్యి పడిందంటే మర్యాదగా ఉండదు!"

గోడను చూపించి వేలు ఆడించింది.

ఆయన ఆమె మొహంకేసి చూశాడు. గోడకేసి చూశాడు. మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుని, రెండు చేతులూ జోడించాడు.

'దెబ్బకి దారికొచ్చాడు,' అనుకుంది.

ఇవాళ సముద్రం సినిమా. అరటిపండు, పాలు, ఐస్‌క్రీము వేసి తిప్పి, ఒక్క చుక్క నీలం రంగు కలిపింది. గ్లాసు లోపల అక్కడక్కడా అలల నురగలా క్రీము పూసింది. అడుగున చేపల్లా కోసిన జెల్లీ ముక్కలు.

మిక్సీ ఆగింది. గోడ నోరు మెదపలేదు.

హమ్మయ్య అనుకుంటూ జారు కడిగి వచ్చింది.

గ్లాసు నిండుగా ఉంది.

"తాగమ్మా, నా బంగారం కదూ. చూడు, చేపలు!"

బుడ్డిది తల అడ్డంగా ఊపింది.

ఆమె వంటింట్లోకి పరిగెత్తి గులాబీ రంగు చేసింది. వద్దంది. ఆకుపచ్చ చేసింది. వద్దంది. మూడు గ్లాసులు వరుసగా కరిగి నీరైపోతున్నాయి. పిల్ల పెదవులు అట్టకట్టాయి. పొద్దుటి నుంచి ఒంటేలుకు కూడా వెళ్ళలేదు.

"ఒక్క గుక్క తల్లీ! నీ కాళ్ళు పట్టుకుంటానే!"

పిల్ల ఆమె వైపు చూడనే లేదు. చెంచాతో గోడ మీద కొట్టి, కళ్ళప్పగించి ఎదురుచూసింది. మళ్ళీ కొట్టింది.

"ఏం చేస్తున్నావే?"

"గోడ తాత పలకట్లేదమ్మా."

"గోడ తాతేంటి?"

"నేను చెంచాతో కొడతానా, తాత తిరిగి కొడతాడు. తాత కొడితే నేనొక గుక్క తాగాలి. తాత కొట్టకుండా తాగితే అవుటు!"

ఆమె నీలం గ్లాసు తీసి పిల్ల చేతికిచ్చింది.

"నువ్వు కొడుతూనే ఉండమ్మా. నేను తాతని పిలుచుకొస్తా," అని పక్క వాటాకు పరుగు తీసింది.

తలుపు బార్లా తీసి ఉంది. ఇల్లుగలావిడ గది ఊడుస్తోంది. మంచం మీద పరుపు లేదు.

"ఆయనేరీ పిన్నిగారూ?"

"పొద్దున్నే సామాను సర్దుకుని వెళ్ళిపోయాడమ్మా. తన వల్ల పక్కింటి పాపకి కష్టంగా ఉందని సైగ చేశాడు. ఎక్కడికంటే చెయ్యి ఊపాడు, అంతే."

"నిన్న నేనే నోరు పారేసుకున్నాను..."

"తెలుసు. నీ అరుపులు వీధి చివరిదాకా వినపడ్డాయి. ఆయనకొక్కడికే వినపడలేదు."

"అదేంటి?"

చీపురు ఆగింది.

"పుట్టుచెవుడమ్మా ఆయనకి. సాయంత్రమైతే ఆ గోడకి అరచెయ్యి ఆనించి కూర్చునేవాడు. మీ మిక్సీ తిరిగితే గోడ అదురుతుందట. పాప లేచి కూర్చుందని దాన్నిబట్టి తెలుస్తుందట. ఆ తర్వాత చెంచా దెబ్బ చేతికి తగిలిందంటే ఒకటే సంబరం."

ఆమె ఆ ఉత్త మంచం మీద కూలబడింది. ఆయన పెట్టిన చోటే అరచెయ్యి పెట్టింది. గోడ చల్లగా ఉంది.

కాసేపటికి చేతికింద సన్నగా అదిరింది.

ఆమె వేళ్ళు ముడిచి కొట్టింది. టక్.

అవతల నుంచి నీరసంగా గొంతు. "ఒక గుక్క అయింది తాతా!"

ఆమె మళ్ళీ కొట్టింది.

మీ పక్కన కొత్తగా ఒక పెద్దాయన ఒంటరిగా దిగి, మీరెంత పలకరించినా నవ్వి ఊరుకుంటుంటే, దయచేసి ఒకసారి ఎలా ఉన్నాడో చూసి రండి. తలుపు కొడితే ఆయనకు తెలియదు, గోడ మీద తట్టండి.