మరకకు పైన

పెద్ద వరద వచ్చిపోయిన మరుసటి ఏడు. డ్రాయింగు మాస్టారి ఇంట్లో బొమ్మల పుస్తకం ఒక్కటే మిగిలింది. దాంట్లోనూ ప్రతి పేజీకీ అడ్డంగా బురదనీటి మరక.

"ఈ ఇల్లు చూడండి. గుమ్మంలో ముసలాయన ఉన్నాడు. ఉన్నది ఉన్నట్టు గీయండి," అన్నారు మాస్టారు, బొమ్మలు నేర్చుకుంటున్న పిల్లలతో.

వాళ్ళలో ఆయన మనవరాలు మరకను కూడా గీసింది, గోధుమరంగు దిద్ది మరీ. ముసలాయన్ని తీసుకెళ్లి ఇంటికప్పు మీద కూర్చోబెట్టింది.

"కళ్ళెక్కడ పెట్టుకున్నావే? మరక బొమ్మలోది కాదు. ఆయన గుమ్మంలో కదా ఉన్నాడు!"

"తాత కోతయిపోయాడండీ మాస్టారూ!" పక్కింటి పిల్లాడు కిసుక్కున నవ్వాడు.

మనవరాలు నవ్వలేదు. "మన గోడ మీద మరకలాంటిదే ఇదీ. అక్కడిదాకా నీళ్ళొస్తాయి తాతయ్యా. గుమ్మంలో ఉంటే మునిగిపోడూ?"

"మెట్లెక్కి పైకి పోతాడులేవే," అంటూ కప్పు మీది ముసలాయన్ని చెరపడానికి రబ్బరు తీశారు మాస్టారు.

"ఎక్కలేడు, మోకాళ్ళ నొప్పులు. వాన పడ్డప్పుడల్లా నేను లేచి కిందికొచ్చి చూస్తాను, ఉన్నాడా లేడా అని."

మాస్టారి చేతిలో రబ్బరు ఆగిపోయింది.

వరద తర్వాత ఇంట్లో అందరూ మేడ మీదికి మారారు. మెట్లు తన వల్ల కాదంటూ మాస్టారొక్కరే కింద గదిలో పడుకుంటున్నారు. పిల్లకు రాత్రిళ్ళు నిద్ర ఉండటం లేదని కోడలు ఎన్నిసార్లు చెప్పినా, గారాబం ఎక్కువైందని కసిరేవారు.

రబ్బరు జేబులో వేసుకున్నారు. బొమ్మలో దేన్నీ చెరపలేదు.

మర్నాడు పొద్దున్నే పరుపు చుట్ట చంకన పెట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ మేడెక్కి, మనవరాలి మంచం పక్కన పరిచారు.