గడ్డం మీద గాటు

బొబ్బిలి బడిలో డ్రాయింగ్ టీచర్ హైమవతి మాస్కుల తయారీ మీద స్లైడ్లు చూపించింది. ముఖానికి వాజలీను రాసి, మైదా జిగురులో తడిపిన కాగితం ముక్కలు అంటించాలి. అందుకోసం పిల్లలు తమ ముఖపొరలు తీయాల్సి వచ్చింది. ఎవరికి నచ్చిన ముఖాన్ని వాళ్లకు ఇచ్చే ఆ పల్చటి పొరని ఊళ్లో ఎవరూ ఇంట్లో కూడా తీయడం లేదు.

మర్నాడు తన్మయిని వెంటబెట్టుకుని తల్లి పైడితల్లి వచ్చింది. చేతిలో మాస్కు ఉంది.

"ఎవుల మొకం మేడం ఇది? మా పాపది కాదు."

"మీ పాపదేనమ్మా. నా చేతులతోనే అంటించాను."

పైడితల్లి తికమకగా మాస్కుని తిప్పి చూసింది. గడ్డం దగ్గర చిన్న గాటు వేలికి తగిలింది.

"ఈ దెబ్బేటే?"

"రెండో తరగతిలో మెట్ల మీద పడ్డానమ్మా."

"నాకు అగుపడలేదే!"

పైడితల్లి కూతురి ముందు కూలబడింది.

"ఒకపాలి ఆ పొర తియ్యే. సూత్తాను."

తన్మయి తల్లిని చూసింది. తల్లి ముఖం ఎప్పటిలాగే నవ్వుతోంది. గొంతు మాత్రం వణుకుతోంది.

"ముందు నువ్వు తియ్యమ్మా."

పైడితల్లి చెయ్యి చెవిదాకా వెళ్లింది. అంచు ఎక్కడుందో గుర్తురాలేదు. తన్మయి ముందుకు వంగి, గోటితో నెమ్మదిగా వెతకసాగింది.