రెండు దెబ్బల విరామం

పెళ్లి బ్యాండులో ట్రంపెట్ వాయించే యోబు, ఫోనులో విని నేర్చుకున్న జాజ్‌ను మార్కాపురంలో తన పేట పిల్లలకు ఏడాదిగా నేర్పుతున్నాడు. ఆ సాయంత్రమే, మూతబడిన పలకల ఫ్యాక్టరీ షెడ్డులో ఊరివాళ్లకు ఉచిత కచేరీ. ఆఖరి సాధనలో ఆ పిల్లల్లో ఒకరైన ఫెబీ పాట వాయిస్తూ నడుమ టక్కున ఆగి, రెండు తాళం దెబ్బల తర్వాత మళ్లీ ఎత్తుకుంది.

“ఏందమ్మా, నడుమ ఆపినావు?”

“నువ్వు ఆపుతావు గదా మామా! అట్లనే పట్టుకున్నాం.”

“నేనెప్పుడు ఆపినాను?”

“క్రిస్మస్‌కి పాట మొత్తానికి ఒక్కసారి ఆపినావు. ఈస్టర్‌కి మూడుసార్లు. ఇప్పుడు ప్రతి వరసకీ ఆపుతున్నావు. జాజ్ అంటే ఇట్లనే ఉంటాదని మేమందరం లెక్క కూడా నేర్చుకున్నాం.”

మిగతా పిల్లలు తలలూపారు.

యోబు నవ్వబోయి షెడ్డు మూలకు చూశాడు. ఇరవై ఏళ్లు అతను పలకలు కోసింది ఇక్కడే. కోత మిషను కింద ఆ బూడిదరంగు దుమ్ము ఇంకా ఉంది. తనతో కోసినవాళ్లు మొదట్లో ఊపిరి అందక మాటల నడుమ ఇలాగే ఆగేవాళ్లు. కచేరీకి పిలుద్దామంటే వాళ్లలో ఒక్కడూ మిగల్లేదు.

“బాగానే పట్టుకున్నారు. అట్లనే వాయించండి,” అన్నాడు.

సాయంత్రానికి షెడ్డు నిండిపోయింది. యోబు మొదలుపెట్టాడు. రెండో వరసలోనే ట్రంపెట్ ఆగింది. ఇదేదో కొత్తగా ఉందని జనం చప్పట్లు కొట్టారు. పిల్లలు కాలితో లెక్క వేస్తూ, అతను మళ్లీ ఎత్తుకుంటాడని నవ్వుతూ చూస్తున్నారు.

ఒకటి. రెండు.

ఫెబీ కాలు మూడు కొట్టింది. నాలుగు కూడా కొట్టింది.