పెళ్ళివారి వేషం

"ఇవాళ అమ్మడం ముఖ్యం కాదు వలీ. కూర్చోబెట్టు, చాలు," అన్నాడు రమణబాబు.

వలీ నోరు తెరిచాడు. చీరల కౌంటర్లో తల నెరిసినవాణ్ణి పట్టుకుని అమ్మకం ముఖ్యం కాదనే యజమాని ఎక్కడైనా ఉంటాడా? ఉన్నాడు మరి. తండ్రి తెరిచిన దుకాణాల్లో సగానికి తాళాలు వేయించిన ఘనుడు ఈయనే. హైటెక్ సిటీ కుర్రాళ్ళు ఎగబడి వస్తారని అక్కడి బ్రాంచిలో చీరలు తీయించి కాఫీ బల్లలు వేయించాడు. వాళ్ళు వచ్చారు, కాఫీ తాగారు, పోయారు. ఇప్పుడు కంపెనీని కొనడానికి బొంబాయి సేట్లు సికింద్రాబాద్ షాపు చూడ్డానికి వస్తున్నారు. షాపు కళకళలాడాలి. అందుకని మిగతా బ్రాంచీల స్టాఫంతా పాత పేపర్లు కుక్కిన సంచులు పట్టుకుని, కొనేవాళ్ళలా తిరుగుతున్నారు.

"నేరేడ్‌మెట్ బ్రాంచి ఆడవాళ్ళు పదకొండుకి వ్యాన్లో వస్తారు. పెళ్ళి బట్టలకొచ్చినట్టు నీ దగ్గర కూర్చుంటారు. సేట్లకు నచ్చకపోతే రేపట్నుంచి నీ కౌంటర్లో సెల్‌ఫోన్లే!"

"అట్లనే సార్," అన్నాడు వలీ. ఈ వయసులో తనకు ఇంకో కొలువు ఎవరిస్తారు?

పదకొండింటికి వచ్చారు. ఒక ముసలామె, గోరింటాకు చేతులతో పెళ్ళికూతురు, ఇద్దరు పిన్నమ్మలు. వలీ ఎదురెళ్ళి పరుపు మీద కూర్చోబెట్టాడు.

"పెండ్లి చీరెలు చూపియ్యి బిడ్డా. మా ఇంట్ల పెండ్లంటే మీ దుకాన్లనే తీస్కుంటం," అంది ముసలామె.

అబ్బో, మాటలు ఎంత బాగా నేర్చుకొచ్చింది! వలీకి హుషారొచ్చింది. చీరను తన భుజం మీదే వేసుకుని, కొంగు పరిచి చూపించాడు. ముసలామె జరీని గోటితో గీకింది. పెళ్ళికూతురు ఎరుపే కావాలని అలిగింది. పిన్నమ్మలు మూతి విరిచారు. చివరికి ఓ వంకాయరంగు చీర దగ్గర అందరూ చల్లబడ్డారు. అప్పుడే అటు వచ్చిన సేట్లు ఆగి, ముచ్చటగా చూసి వెళ్ళారు.

కాసేపటికి రమణబాబు పరిగెత్తుకొచ్చి వలీ చెవిలో ఊదాడు. "ఖాయమైపోయింది! చీరల సెక్షనే కంపెనీకి ప్రాణమన్నారు. నీ కౌంటర్ ఎక్కడికీ పోదు."

హమ్మయ్య! వలీ ఆడవాళ్ళ వైపు తిరిగి దణ్ణం పెట్టాడు.

"మస్తు జేసిన్రమ్మా! ఇగ లేవుండ్రి. ఎనక గేటు కాడ చాయ్ ఉంది."

ముసలామె తెల్లబోయింది. "ఏందయ్యా? ఈ చీరె కట్టియ్యి. ఇంకా వియ్యపురాలికి, ఆడబిడ్డలకు తీస్కోవాలె."

"ఇంకేం తక్లీఫ్ వద్దమ్మా, సేట్లు కిందికి పోయిన్రు," అని నవ్వుతూ వలీ ఆమె చేతిలో ఓ సంచి పెట్టాడు. "జెర ఇది పట్టుకొని ముందు దర్వాజల కెళ్ళి బయటికి పోయి, ఎనక గేటుకు తిరిగి రాండ్రి."

ఆమె సంచిలోకి చూసింది. పాత పేపర్లు. మొహం కందగడ్డ అయింది. సంచి విసిరికొట్టి, మనవరాలి చెయ్యి పట్టుకుంది.

"లేవుండ్రే! గీ దుకాన్ల మల్ల అడుగు వెడితే ఒట్టు!"

నలుగురూ గబగబా మెట్లు దిగిపోయారు.

పోతూ పోతూ కూడా ఏం నటన, అనుకున్నాడు వలీ. తేలికపడిన మనసుతో చీరలు మడత పెడుతున్నాడు. అంతలో కింద నుంచి క్యాషియర్ కాంతమణి రొప్పుతూ వచ్చింది.

"వలీ భాయ్, తొవ్వల టైరు పంచరైందట, నేరేడ్‌మెట్ వ్యాను ఇప్పుడొచ్చింది. ఆడోళ్ళను యాడ కూసోబెట్టాలె?"